మీ షేక్‌ని పలచన చేస్తున్నది ఐసు, పళ్ళు కావు

ప్రశ్న అడిగినావిడ కూకట్‌పల్లిలో ఉంటారు. ఇంట్లో సపోటా షేక్, మామిడి షేక్ ఎన్నిసార్లు చేసినా నీళ్ళలా వస్తోందట, గ్లాసులో పోసిన పది నిమిషాలకే పైన నురగ, కింద నీళ్ళు తేరుకుంటున్నాయట. పళ్ళు పెంచి చూశారు, పాలు తగ్గించి చూశారు, ఐస్‌క్రీమ్ కూడా వేసి చూశారు. బొప్పాయితో చేస్తే చేదొచ్చింది. రాత్రి చేసి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున పిల్లలకి ఇవ్వొచ్చా అనీ, షాపుల్లో ఏదో పొడి కలుపుతారని మా వారు అంటారు నిజమేనా అనీ చివర్లో అడిగారు.

నేను విజయవాడలో 14 ఏళ్ళు జ్యూస్ షాపు నడిపాను. తెల్లారకముందే కేదారేశ్వరపేట పళ్ళ మార్కెట్‌కి పోయి సరుకు తెచ్చుకోవడం, రాత్రి పదకొండింటికి జార్లు కడిగి షట్టర్ దించడం, అదే బతుకు. మోకాళ్ళు మొరాయించి మానేశాను. కాబట్టి దాచుకోవాల్సిన వ్యాపార రహస్యాలేమీ లేవు, తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ముందు పొడి సంగతి. కలిపేవాళ్ళు కలుపుతారు. పాలపొడి, కస్టర్డ్ పొడి వేసేవాళ్ళున్నారు, మిల్క్‌షేక్ మిక్స్ అని ప్యాకెట్లే దొరుకుతాయి బజార్లో. పళ్ళు బాగాలేని రోజున నేనూ పాలపొడి వేసినవాణ్ణే, అబద్ధం ఎందుకు. కానీ షాపు షేక్ చిక్కగా ఉండటానికి అసలు కారణం అది కాదు. ఈసారి వెళ్ళినప్పుడు ఫోన్ జేబులో పెట్టేసి కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. కుర్రాడు డీప్ ఫ్రీజర్ మూత ఎత్తి రాయిలా గడ్డకట్టిన పాల ప్యాకెట్ తీస్తాడు, దాన్ని గట్టు మీద నాలుగుసార్లు దబదబా బాదుతాడు, లోపల పాలు ముక్కలయ్యాక ప్యాకెట్ చించి ఆ ముక్కలు జార్లో దులుపుతాడు. ఐసు ముక్క ఒక్కటి వెయ్యడు. ఇంతే రహస్యం.

మీరేం చేస్తున్నారో నేను ఇక్కడి నుంచే చెప్పగలను. పండు, పంచదార, పాలు, నాలుగైదు ఐసు ముక్కలు అన్నీ ఒకేసారి జార్లో వేసి రెండు నిమిషాలు తిప్పేస్తున్నారు. ఇంటి ట్రేలో ఒక్కో ఐసు ముక్క అంటే సుమారు 20 మిల్లీలీటర్ల నీళ్ళు, అయిదు ముక్కలంటే అరగ్లాసు. పాలల్లో ఇప్పటికే 87 శాతం నీళ్ళే, సపోటా గుజ్జులో ముప్పావు వంతు నీళ్ళే. దాని మీద ఇంకో అరగ్లాసు పోసి, చిక్కగా రాలేదే అని బాధపడితే ఎలాగండీ. మీరు పళ్ళు పెంచారు, పాలు తగ్గించారు, కానీ ఐసుని మాత్రం ముట్టుకోలేదు. చల్లదనం ఐసు నుంచి కాకుండా గడ్డకట్టిన పాల నుంచో, గడ్డకట్టిన పండు నుంచో రావాలి. అప్పుడు అది కరిగినా పాలే అవుతుంది, పండే అవుతుంది, నీళ్ళు కాదు.

పాలు గడ్డ కట్టించడం పెద్ద పనేం కాదు. ఫుల్ క్రీమ్ పాలు తీసుకోండి, అందులో కొవ్వు 6 శాతం, మిగతా గట్టి పదార్థం 9 శాతం ఉంటుంది. టోన్డ్ పాలల్లో కొవ్వు 3 శాతమే, దాంతో కూడా షేక్ అవుతుంది కానీ నాలుక మీద ఆ నునుపు రాదు. చిక్కటి గేదె పాలు దొరికితే అంతకన్నా ఏం కావాలి. కాచి, పూర్తిగా చల్లార్చి, పైన కట్టిన మీగడ తీసి పక్కన పెట్టి (ఎందుకో తర్వాత చెప్తాను), ఐసు ట్రేలో పోసి రాత్రంతా ఫ్రీజర్లో ఉంచండి. షాపులో అయితే ప్యాకెట్‌నే పడేస్తాం, ఇంట్లో మిక్సీకి అంత రాయి పగలగొట్టే ఓపిక ఉండదు, ట్రేనే నయం. ట్రేకి మూత లేకపోతే కవర్లో చుట్టండి, ఫ్రీజర్లో పక్కన చేపలుంటే ఆ వాసన పాలు ఇట్టే పట్టేస్తాయి. నా మాట నమ్మండి, కొరమీను వాసనొచ్చే మామిడి షేక్ ఎవరికీ వద్దు.

ఇక మిక్సీలో వేసే వరస. ఇది షాపులో కొత్త కుర్రాడికి నేర్పడానికి నాకు వారం పట్టేది, ఎందుకంటే వినడానికి చాలా చిన్న విషయం, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఇద్దరికి సపోటా షేక్ లెక్క చెప్తాను. నాలుగు మధ్యరకం సపోటాలు తొక్కా గింజా తీస్తే పావుకిలో గుజ్జు వస్తుంది. జార్లో ముందు ఆ గుజ్జు, రెండు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు, పావు గ్లాసు చల్లటి పాలు, అంతే. ఇది అరనిమిషం పైన తిరగాలి, దోసెల పిండి కన్నా గట్టిగా, వేలు పెట్టి రుద్దితే పలుకు తగలకుండా ముద్దలా అవ్వాలి. పాలన్నీ ముందే పోసేస్తే ముక్కలు ఆ పాలల్లో ఈదుతూ బ్లేడుకి దొరక్కుండా తప్పించుకుంటాయి, ఎంతసేపు తిప్పినా పలుకులు మిగులుతాయి, ఈలోపు నురగ మాత్రం బోలెడు వస్తుంది. చట్నీ రుబ్బేటప్పుడు నీళ్ళు ఒకేసారి పోస్తే ఏమవుతుందో ఇదీ అంతే. పంచదార కూడా ఇక్కడే పడాలి, గడ్డపాలు వేశాక వేస్తే ఆ చలికి కరగదు, గ్లాసు అడుగున ఇసుకలా మిగులుతుంది. తీపి నాలుక మీద వేసుకుని చూసినప్పుడు కొంచెం ఎక్కువ అనిపించాలి, బాగా చల్లబడ్డాక తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి సరిపోతుంది.

ముద్ద అయ్యాక పాల గడ్డలు తొమ్మిదీ పదీ వెయ్యండి. ఫ్రీజర్లోంచి తీసి అయిదు నిమిషాలు బయట పెట్టాక వెయ్యాలి, లేకపోతే 500 వాట్ల మిక్సీ అయితే మోటారు వాసన వస్తుంది. తిప్పి వదిలెయ్యకుండా, తిప్పడం ఆపడం తిప్పడం ఆపడం, అలా అయిదారుసార్లు. మొదట గడగడా రాళ్ళు దొర్లిన చప్పుడొస్తుంది. ఆ చప్పుడు తగ్గాక పదిహేను సెకన్లు ఏకంగా తిప్పితే ఒకచోట మిక్సీ గొంతు మారుతుంది, గోల తగ్గి బరువు మోస్తున్నట్టు మూలుగుతుంది, జార్ మధ్యలో తిరిగే సుడి పూడుకుపోతుంది. అక్కడ ఆపండి. ఇంకో పది సెకన్లు తిప్పుదాం అని ఆశ పడకండి, బ్లేడు వేడికి అప్పుడే కరగడం మొదలవుతుంది. సుడి ముందే పూడిపోయి అసలు కదలకుండా మొరాయిస్తే రెండు చెంచాల పాలు పోసి గరిటెతో ఒకసారి కలిపి మళ్ళీ తిప్పండి, గ్లాసుడు పొయ్యకండి. మా షాపులో కాలేజీ పిల్లలు స్ట్రా నిలబెట్టి చూసేవాళ్ళు, పడిపోతే డబ్బులివ్వం అని పందెం. ఇంట్లో మీరూ అదే పరీక్ష పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మీగడ కథ. షాపు పెట్టిన కొత్తలో నాకో గొప్ప ఆలోచన వచ్చింది, క్రీమ్ కావాలంటే మీగడే వేసేస్తే పోలా అని. గిన్నెడు మీగడ చల్లటి పాలల్లో వేసి మామిడి గుజ్జుతో రెండు నిమిషాలు తిప్పి ఒక పెద్దాయనకిచ్చాను. ఆయన ఒక గుక్క తాగి, నాలుక అంగిలికి అతుక్కుంటోందయ్యా, వెన్న చిలికావా షేక్ చేశావా అన్నాడు. చూస్తే గ్లాసు గోడలకి ఆవగింజంత వెన్న పూసలు పట్టుకుని ఉన్నాయి. మన ఇళ్ళల్లో కవ్వంతో చేసే పని మిక్సీ రెండు నిమిషాల్లో చేసేసింది, అందులో వింతేముంది, చల్లటి మీగడని గిలక్కొడితే వెన్నే అవుతుంది. అప్పట్నుంచి మీగడ వేసేవాణ్ణి గానీ చివర్లో, రెండు చెంచాలు, రెండు మూడు తిప్పుళ్ళకి మించకుండా. మీరూ పక్కన పెట్టిన మీగడని అలాగే వాడండి, లేదా గ్లాసులో పోశాక పైన వేసుకోండి, ఇంకా బాగుంటుంది.

ఐస్‌క్రీమ్ వేసినా చిక్కబడలేదన్నారు. పడదు. డబ్బా కొనేటప్పుడు లీటర్లలో కొంటాం, ఒకసారి తూకం వేసి చూడండి, లీటరు డబ్బా కిలో తూగదు. మన ఆహార నిబంధనల్లోనే లీటరుకి కనీసం 525 గ్రాములుంటే చాలని ఉంది. మిగతాదంతా గాలి. ఆ గాలి మిక్సీలో పడితే నురగై పైకి తేలుతుంది, ఐస్‌క్రీమ్ వేసినప్పుడు మీకు పైన తేలిన నురగ అందులోంచి వచ్చిందే చాలావరకు. పైగా డబ్బా మీద ఐస్‌క్రీమ్ అని ఉందో ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉందో చదివారా? ఫ్రోజెన్ డెజర్ట్ అంటే పాల కొవ్వుకి బదులు మొక్కల నుంచి తీసే నూనెల కొవ్వు వాడినది. తాగాక పెదాలకి జిడ్డు పట్టినట్టు ఉంటే అదే. ఐస్‌క్రీమ్ వేయాలనుకుంటే మిక్సీలో వేయకుండా గ్లాసు పైన ఒక ముద్ద పెట్టండి, పిల్లలు ముందు దాన్నే తింటారు, ఇంట్లో అందరూ సంతోషం.

ఫ్రీజర్లో చోటు లేదు, పాలు గడ్డ కట్టించే ఓపిక లేదు అనేవాళ్ళకి ఇంకో దారి, పండుని గడ్డ కట్టించడం. దీనికి అరటిపండుని మించింది లేదు. బాగా మాగి తొక్క మీద నల్లమచ్చలు పడ్డాక, తొక్క తీసి (తొక్కతో పెడితే తర్వాత ఊడదు, గోళ్ళు విరుగుతాయి) అంగుళం ముక్కలు కోసి ప్లేటులో విడివిడిగా పరిచి గట్టిపడ్డాక డబ్బాలోకి ఎత్తండి. ఒక్క అరటిపండు గడ్డ ఏ షేక్‌లో వేసినా చిక్కబడుతుంది. చక్రకేళి అయితే వాసన బ్రహ్మాండం, గోదావరి జిల్లాల వాళ్ళకి రావులపాలెం మార్కెట్ ఉంది కాబట్టి చెప్పక్కర్లేదు. అమృతపాణి కూడా మంచిదే. కానీ అరటిది ఒక దొరతనం ఉంది, ఎందులో వేస్తే దాన్ని తన రుచిలోకి లాగేసుకుంటుంది. మామిడి షేక్‌లో ఒక పండు అరటి వేస్తే అది అరటి షేక్, మామిడి రంగు మాత్రం ఉంటుంది. కాబట్టి సగం పండే. కేరళ వాళ్ళ షార్జా షేక్ అని అందరూ లొట్టలు వేస్తారు చూడండి, అది కూడా ఇంతే, గడ్డపాలు, చిన్న అరటిపళ్ళు, పంచదార, పైన బూస్ట్ లాంటి పొడి.

జీడిపప్పు ఇంకో దారి. గుండు పప్పు అక్కర్లేదు, బద్దలో నూకో చాలు, ఇద్దరికి పది పన్నెండు బద్దలు గంటసేపు వేడి పాలల్లో నానబెట్టి పండు ముద్ద చేసేటప్పుడే కలిపి తిప్పేస్తే ఏ పొడీ ఇవ్వని చిక్కదనం వస్తుంది. ఖర్జూరం కూడా వేడి పాలల్లో నానబెట్టాలి, కానీ చల్లారాకే మిక్సీలో వెయ్యండి. వేడివేడిగా పోసి మూత బిగించి తిప్పితే ఆవిరికి మూత ఎగిరిపోతుంది. మా షాపు సీలింగ్ మీద ఆ ఖర్జూరం మరక మళ్ళీ సున్నం వేసేదాకా అలాగే ఉంది.

పండు దగ్గరికొద్దాం, ఎందుకంటే పాలు ఎంత బాగున్నా పండు పచ్చిదైతే ఏమీ చేయలేం. సపోటాని నొక్కి చూసి కొంటారు చాలామంది, అది చాలదు. గోరుతో తొక్క మీద కొంచెం గీకండి, కింద ఆకుపచ్చగా కనిపిస్తే అది ఇంకా కాయ, పసుపో లేత గోధుమరంగో ఉంటే పండినట్టు. పచ్చి సపోటాలో జిగురుపాలూ వగరూ ఉంటాయి, షేక్ తాగాక పెదాలు జిగురు పట్టినట్టు అతుక్కుంటే అదే కారణం, ఎంత పంచదార వేసినా ఆ వగరు పోదు. తొక్కతో సహా వేసే షాపులున్నాయి, రంగు బాగా వస్తుందని, కూలి మిగులుతుందని. మీరు తొక్క తీసెయ్యండి, ఆ ఇసుక పలుకు తొక్కదే. పాల సపోటా అని చిన్నగా కోలగా ఉంటుంది, తియ్యదనానికి అది. క్రికెట్ బాల్ అని గుండ్రంగా పెద్దది ఉంటుంది, గుజ్జు ఎక్కువ, తీపి తక్కువ. కాలిపత్తి రెండిటికీ మధ్య. నేను కలిపి వాడేవాణ్ణి.

మామిడి మీద మాట్లాడితే మన వాళ్ళతో గొడవే, ఎవరి ఊరి కాయ వాళ్ళకి గొప్ప. షేక్‌కి నా ఓటు బంగినపల్లికి, పీచు ఉండదు, గుజ్జు దిట్టం, రంగు నిండుగా వస్తుంది. కానీ వాసనలో రసాలని కొట్టేది లేదు. నూజివీడు వైపు పెద్ద రసాలు, చిన్న రసాలు వచ్చే రోజుల్లో విజయవాడ దగ్గరి నున్న ఊరి మామిడి మార్కెట్ నుంచి రెండూ తెచ్చి, మూడొంతులు బంగినపల్లి గుజ్జుకి ఒక వంతు రసం పిండి కలిపేవాణ్ణి. రసాల పీచు మిక్సీలో తెగదు, బ్లేడుకి దారంలా చుట్టుకుంటుంది, అందుకని జల్లెడలో వేసి గరిటెతో నొక్కి రసం తీసుకోవాలి. కొంచెం పులుపున్న కాయ అయినా కంగారు పడకండి, ఆ మాత్రం పులుపుకి పాలు లస్సీలాగా ఇంకాస్త చిక్కబడతాయి. బాగా పుల్లటిదైతే మాత్రం పాలు విరుగుతాయి. ఇంకో సంగతి, పైన ఒకే రకం పసుపుతో మెరుస్తూ ముచిక దగ్గర వాసన లేని కాయ కొనకండి, కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధమే అయినా అక్కడక్కడా చేస్తూనే ఉన్నారు. రంగు వస్తుంది, లోపల రుచి రాదు, షేక్ చేస్తే పసుపు రంగు పాలు తాగినట్టు ఉంటుంది. ముచిక దగ్గర ముక్కు పెట్టి చూడండి, నేను 14 ఏళ్ళూ ముక్కుతోనే కొన్నాను.

సీతాఫలం కాలం వచ్చాక చేసేవాళ్ళకి ఒక జాగ్రత్త. మీ హైదరాబాద్‌లో బాలానగర్ సీతాఫలాలు మహబూబ్‌నగర్ వైపు నుంచి కుప్పలుగా వస్తాయి కదా, గుజ్జు చూస్తే ఆశగా ఉంటుంది, కానీ గింజలతో మిక్సీలో మాత్రం వెయ్యకండి. ఆ గింజ విషం, పూర్వం పేలు పోవడానికి నూరి తలకి పట్టించేవాళ్ళు, కంట్లో పడితే కన్నుకే ప్రమాదం. గింజ పగిలితే ఆ షేక్ పారబొయ్యడమే. గుజ్జంతా గిన్నెలోకి తీసి కొంచెం పాలు పోసి కవ్వంతో మెల్లగా చిలికితే గింజలు విడిపోతాయి, తర్వాత పెద్ద కన్నాల జల్లెడలో నొక్కండి. తొక్కకి ఆనుకుని ఉన్న గుజ్జు గీకకండి, అది ఇసుకలా తగులుతుంది. వేడి చేయొద్దు, సీతాఫలం వేడి తగిలితే చేదెక్కుతుంది. ఇది పని ఎక్కువ పండు, షాపులో అందుకే రేటు ఎక్కువ, తిట్టుకోకండి.

అవకాడో, అదే బటర్ ఫ్రూట్, దానికి పై కష్టాలేవీ లేవు. అందులో కొవ్వు సహజంగానే ఉంటుంది, మామూలు చల్లటి పాలు పోసినా వెన్నలా వస్తుంది. నాకు మాత్రం ఆ రుచి ఎక్కలేదు, పంచదార వేస్తేనే దానికో ముఖం వస్తుంది. స్ట్రాబెర్రీ పుల్లన కాబట్టి పంచదారతో అయిదు నిమిషాలు ఉడికించి చల్లార్చి వాడండి, చలికాలంలో లంబసింగి వెళ్ళినవాళ్ళు తోటల దగ్గరే కొనుక్కొచ్చుకుంటారు. బత్తాయి, నారింజ, ద్రాక్ష, పాలల్లో వెయ్యొద్దు, విరుగుతాయి.

బొప్పాయి చేదు గురించి మీరు పండు మంచిది కాదేమో అనుకున్నారు. పండు తప్పేం లేదు. బొప్పాయిలో పపైన్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది, మాంసం మెత్తగా ఉడకడానికి పచ్చి బొప్పాయి ముక్క వేస్తారే, ఆ పని చేసేది అదే. అది పాలలోని ప్రోటీన్‌ని ముక్కలు ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలు చేదుగా ఉంటాయి. పచ్చికాయలో ఎక్కువ, పండాక తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. అందుకే చేసిన వెంటనే తాగితే తియ్యగా ఉంటుంది, అరగంట ఆగితే చేదు. నాకు ఇది ఎలా తెలిసిందంటే, ఒక ఆఫీసు వాళ్ళు ఇరవై గ్లాసుల బొప్పాయి షేక్ పార్సిల్ అడిగితే కట్టి పంపాను, గంట తర్వాత ఇరవైకి ఇరవై వెనక్కి తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. నేను తాగి చూశాను, వేపాకు నమిలినట్టుంది. అనాసపండుదీ అదే తంతు, పైగా దానికి పులుపు కూడా, పాలు విరగడం కూడా తోడవుతుంది. అనాసని ముక్కలు చేసి పంచదారతో ఉడికిస్తే ఆ ఎంజైమ్ చస్తుంది, పులుపు మాత్రం మిగులుతుంది, కాబట్టి పాలు తర్వాత, కొంచెం కొంచెంగా. కర్బూజ కూడా పాలల్లో నిలవ ఉంటే చేదు తిరుగుతుంది, దాని గింజల గూడు శుభ్రంగా తీసి, నీరు ఎక్కువ కాబట్టి ముక్కలు గడ్డ కట్టించి వెయ్యండి.

రాత్రి చేసి పొద్దున ఇవ్వొచ్చా అన్నారు. వద్దు. గడ్డపాలు కరిగిపోతాయి, సపోటా నల్లబడుతుంది, అరటి గోధుమరంగులోకి తిరుగుతుంది, రుచీ మారుతుంది. దానికి బదులు ఆదివారం కూర్చుని సపోటా గుజ్జు, మామిడి గుజ్జు పంచదారతో ముద్ద చేసి ఒక్కో షేక్‌కి సరిపడా చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్లో పెట్టుకోండి. నెలరోజులు ఇబ్బంది లేదు. పొద్దున ఆ ముద్ద డబ్బా ఒకటి, ఫ్రిజ్‌లో చల్లబడ్డ పాలు ఒక గ్లాసు, నిమిషంలో అయిపోతుంది, స్కూల్ బస్సు హారన్ కొట్టేలోపు. ముద్ద గట్టిగా ఉంది కాబట్టి గడ్డపాలు కూడా అక్కర్లేదు. మామిడికాయలు అయిపోయాక ఆషాఢంలో, శ్రావణంలో కూడా పిల్లలకి షేక్ ఉంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు, వాళ్ళకి రెండు మాటలు. ఇండియన్ స్టోర్లో దొరికే 850 గ్రాముల మామిడి గుజ్జు టిన్నుల్లో చాలావరకు పంచదార ముందే కలిపి ఉంటుంది, లేబుల్ చూసి మీ పంచదార తగ్గించండి. మన చిత్తూరు జిల్లాలో ఆ గుజ్జు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, ఎక్కువగా తోతాపురి కాయ పోతుంది వాటికి. అక్కడి హోల్ మిల్క్‌లో కొవ్వు మూడుంపావు శాతమే కాబట్టి మన ఫుల్ క్రీమ్ అంత చిక్కన రాదు, పావు వంతు హాఫ్ అండ్ హాఫ్ (పాలూ క్రీమూ కలిపి అమ్మేది) కలిపి గడ్డ కట్టించండి. టిన్ను తెరిచాక మిగిలింది టిన్నులోనే ఉంచకండి, గాజు సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి.

షుగర్ ఉన్నవాళ్ళు కూడా ఇంట్లో ఉంటే, షేక్ ఎంత చిక్కగా ఉంటే అంత పండు, అంత పంచదార లోపలికి పోతున్నట్టు. మా ఆవిడకి నేను బటర్ ఫ్రూట్‌ది పంచదార లేకుండా చిన్న గ్లాసు ఇస్తాను, ఆవిడ మొహం చిట్లించి తాగుతుంది. మీ డాక్టరుని అడిగి చూసుకోండి, నేను పళ్ళవాణ్ణే గానీ వైద్యుణ్ణి కాను.

మిక్సీ జార్ సంగతి మర్చిపోబోయాను. అల్లంవెల్లుల్లి, కొబ్బరి చట్నీ తిప్పిన జార్‌ని ఎంత కడిగినా మూత లోపలి రబ్బరు వాసన వదలదు. ఆ రబ్బరు ఊడదీసి వేడినీళ్ళలో నిమ్మరసం పిండి అరగంట నానబెట్టండి, లేదా షేక్‌కి వేరే మూత పెట్టుకోండి. గ్లాసులు ముందే పది నిమిషాలు ఫ్రీజర్లో పెడితే పోసిన షేక్ ఇంకాసేపు నిలుస్తుంది.

ముందు సపోటాతో మొదలుపెట్టండి, తప్పు జరిగినా పెద్దగా చెడిపోయే పండు కాదు అది. సీతాఫలం చెయ్యి తిరిగాక. బొప్పాయి చేస్తే మాత్రం గ్లాసు చేతికిచ్చి, ఫోన్ లాక్కుని, తాగేదాకా పక్కనే నిలబడండి.